జిర్కోనియాను పగలగొట్టే మార్పే దానికి బలం ఎలా అవుతుంది?

ప్రశ్న (పరిశోధక విద్యార్థి)

ఆక్సైడ్ సిరామిక్స్‌పై నా పరిశోధన ఈ మధ్యనే మొదలైంది. యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలపని శుద్ధ జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) పొడిని పెల్లెట్లుగా, అంటే చిన్న బిళ్లలుగా నొక్కి, 1500 డిగ్రీల సెల్సియస్ వద్ద సింటరింగ్ (కరిగించకుండా వేడితో రేణువులను అతికించడం) చేశాను. ఫర్నేస్ చల్లారాక తలుపు తీసి చూస్తే ఒక్క పెల్లెట్ కూడా నిలవలేదు. అంచుల నుంచి చీలి, తాకితే చాలు పలుకులుగా రాలిపోతున్నాయి. అదే ఫర్నేస్‌లో, అదే ఉష్ణోగ్రత వద్ద 3 మోల్ శాతం (బరువు కాక, మోల్‌ల లెక్కన) యిట్రియా కలిపినవి మాత్రం గట్టిగా వచ్చాయి. టెట్రాగోనల్ అనే స్ఫటిక రూపం మోనోక్లినిక్ అనే మరో రూపంగా మారడం వల్లనే మొదటివి పగిలాయని చదివాను. కానీ రెండో రకానికి పగుళ్లను తట్టుకునే గుణం వచ్చేది కూడా ఆ మార్పు వల్లనేనని అదే అధ్యాయంలో ఉంది. ఈ రెండూ ఎలా పొసగుతాయి? మరో సందేహం: గట్టిగా ఉండే 3 శాతం రకాన్ని వదిలి ఆక్సిజన్ సెన్సార్లకు 8 శాతం రకాన్నే ఎందుకు ఎంచుకుంటారు?

జవాబు 1 (సిరామిక్స్ అధ్యాపకుడు)

తేడా మార్పులో లేదండి, అది ఎప్పుడు, ఎంత మేర జరుగుతుందన్న దానిలో ఉంది. శుద్ధ జిర్కోనియా సుమారు 1170 డిగ్రీల వరకు మోనోక్లినిక్‌గా, అక్కడి నుంచి 2370 వరకు టెట్రాగోనల్‌గా, ఆపైన కరిగేవరకు క్యూబిక్‌గా ఉంటుంది. చల్లారేటప్పుడు తిరుగు మార్పు కాస్త ఆలస్యంగా, 950 డిగ్రీల ప్రాంతంలో జరుగుతుంది. అప్పుడు ఘనపరిమాణం 4 నుంచి 5 శాతం పెరుగుతుంది. పెళుసైన పదార్థంలో పెల్లెట్ అంతటా ఒకేసారి ఇంత వ్యాకోచం వస్తే పగలక తప్పదు.

3 మోల్ శాతం యిట్రియా కలిపి, రేణువులు సన్నగా ఉండేలా సింటరింగ్ చేస్తే, చుట్టూ ఉన్న రేణువుల ఒత్తిడికి లోబడి టెట్రాగోనల్ రూపం గది ఉష్ణోగ్రత వద్ద కూడా నిలిచిపోతుంది. మారాలన్న మొగ్గు ఉంటుంది కానీ చోటు ఉండదు. ఎక్కడైనా పగులు మొదలైతే దాని కొన దగ్గర లాగుడు ఒత్తిడి ఏర్పడి ఆ బిగువు సడలుతుంది, అక్కడి రేణువులు మాత్రమే మోనోక్లినిక్‌గా మారి ఉబ్బుతాయి, ఆ ఉబ్బు పగులు అంచులను లోపలికి నొక్కి దాన్ని ముందుకు సాగనివ్వదు. గార్వీ, హానింక్, పాస్కో 1975లో నేచర్ పత్రికలో ఈ సంగతిని వెల్లడిస్తూ తమ వ్యాసానికి ‘సిరామిక్ ఉక్కా?’ అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. నా దృష్టిలో అది కొంత ఉదారమైన పోలిక, ఎందుకంటే పగులు నిరోధం విషయంలో ఉక్కు ఇప్పటికీ చాలా ముందుంది. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కంటే మాత్రం జిర్కోనియా స్పష్టంగా మెరుగు.

మీ దగ్గర ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో స్ఫటిక రూపాన్ని గుర్తించే పరీక్ష) సదుపాయం ఉంటే దీన్ని స్వయంగా చూడవచ్చు. రాగి లక్ష్యం ఉన్న ఎక్స్‌రే గొట్టంతో తీసిన స్కాన్‌లో టెట్రాగోనల్ ప్రధాన శిఖరం 30.2 డిగ్రీల కోణం దగ్గర, మోనోక్లినిక్ శిఖరాలు 28.2, 31.5 డిగ్రీల దగ్గర కనిపిస్తాయి. సింటరింగ్ అయిన ఉపరితలాన్ని, అదే పెల్లెట్‌ను విరిచిన తలాన్ని విడివిడిగా స్కాన్ చేసి పోల్చండి. విరిచిన తలంలో ఆ రెండు శిఖరాలు పైకి లేస్తే, పగులు వెళ్లిన దారిలో మార్పు జరిగినట్లే.

జవాబు 2 (ఘన విద్యుద్విశ్లేష్యాలపై, అంటే అయాన్లు కదలగల ఘన పదార్థాలపై పనిచేస్తాను)

రెండో సందేహానికి నా సమాధానం. రెండు జిర్కోనియం అయాన్ల స్థానంలో రెండు యిట్రియం అయాన్లు చేరినప్పుడు, ఆవేశం సరిపోవడానికి ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. వేడి మీద ఆక్సిజన్ అయాన్లు కదిలేది ఈ ఖాళీల గుండానే. 8 శాతం దగ్గర క్యూబిక్ రూపం నిలిచి, వాహకత గరిష్ఠ స్థాయికి వస్తుంది. ఇంకా కలిపితే ఖాళీలు యిట్రియం అయాన్లతో జతకట్టి కదలలేకపోతాయి కనుక వాహకత మళ్లీ పడిపోతుంది. సెన్సార్‌కు, ఘన ఆక్సైడ్ ఇంధన ఘటానికి కావలసింది ఈ వాహకతే. ఇంధన ఘటంలో విద్యుద్విశ్లేష్యమే మొత్తం బరువు మోయాల్సి వస్తే, వాహకత తక్కువైనా 3 శాతం రకాన్ని ఎంచుకునేవారూ ఉన్నారు.

శాతాల విషయంలో ఒక హెచ్చరిక. టర్బైన్ బ్లేడ్ల ఉష్ణ నిరోధక పూతల గురించి రాసేవారు సాధారణంగా బరువు శాతం చెబుతారు. వారి 7 శాతం అంటే సుమారు 4 మోల్ శాతమే. మీ 8 మోల్ శాతం బరువులో దాదాపు 13.7 అవుతుంది. తూకం వేసే ముందు ఏ శాతమో చూసుకోండి.

జవాబు 3 (జీవవైద్య పదార్థాలు)

పై వివరణతో నాకు విభేదం లేదు, కానీ 3 శాతం రకాన్ని అంతగా మెచ్చుకునే ముందు తేమ సంగతి కూడా చెప్పాలి. 65 నుంచి 300 డిగ్రీల మధ్య, నీటి ఆవిరి సమక్షంలో దాని ఉపరితలం ఒత్తిడి ఏమీ లేకుండానే మోనోక్లినిక్‌గా మారుతూ పోతుంది. ఒక రేణువు ఉబ్బితే సూక్ష్మ పగుళ్లు ఏర్పడతాయి, వాటి గుండా నీరు లోపలికి చేరుతుంది, పక్క రేణువులు కూడా మారతాయి. శరీర ఉష్ణోగ్రత వద్ద ఇది చాలా నెమ్మదిగా సాగినా, తయారీ తీరు మారితే ఫలితం తారుమారు కాగలదు. తుంటి కీలులో అమర్చే జిర్కోనియా బంతులు కొన్ని బ్యాచ్‌లలో అనూహ్యంగా త్వరగా విరగడం 2001లో బయటపడింది. అందుకే ఈ రంగంలో నమూనాలను 134 డిగ్రీల ఆవిరిలో, 2 బార్ పీడనం వద్ద 5 గంటలు ఉంచి పరీక్షిస్తారు. ఇప్పుడు అల్యూమినాలో జిర్కోనియా రేణువులను చెదరగొట్టిన మిశ్రమాలకే మొగ్గు ఎక్కువ. అల్యూమినా దృఢత్వం ఆ రేణువులను బాగా బిగించి ఉంచుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సాంద్రత పెంచడానికి 3 శాతం పెల్లెట్లను 1600 డిగ్రీలకు తీసుకెళ్లాలనుకుంటున్నాను. అభ్యంతరం ఉందా?

జవాబు 1 (సిరామిక్స్ అధ్యాపకుడు)

ఉందండి. ఆ వేడికి రేణువులు పెరుగుతాయి. ఒక మైక్రాన్ దాటితే చల్లారేటప్పుడే వాటంతట అవి మోనోక్లినిక్‌గా మారే ప్రమాదం ఉంది. సాంద్రత చాలకపోతే ముందు పొడిలోని ముద్దలను మరింత నలగ్గొట్టి, నొక్కే పీడనాన్ని సరిచూసుకోండి. సింటరింగ్‌ను 1400–1500 మధ్యనే ఉంచండి.