రెండు రోజుల కూచిపూడి వర్క్‌షాప్ చివర ప్రదర్శన పెట్టాలా, వద్దా?

మువ్వలసవ్వడి (మల్కాజిగిరి):
అందరికీ నమస్కారం. మా కాలనీలో మొదటిసారి కూచిపూడి వర్క్‌షాప్ పెడుతున్నాం. దసరా సెలవుల్లో శని, ఆదివారాలు, పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా. విజయవాడ నుంచి ఒక గురువుగారు రావడానికి ఒప్పుకున్నారు. మూడు నాలుగేళ్లుగా నేర్చుకుంటున్న పిల్లలు 30 మంది దాకా వస్తారు, అదీ వేర్వేరు గురువుల దగ్గర నుంచి. కమిటీ రెండుగా చీలిపోయింది. శబ్దం అని పిలిచే ఒక కూచిపూడి ఐటెమ్ నేర్పించి ఆదివారం సాయంత్రం తల్లిదండ్రుల ముందు ఆడిద్దామని కొందరు, ప్రదర్శన మాటే ఎత్తొద్దని కొందరు. నాకైతే వద్దనే ఉంది. కానీ ప్రదర్శన లేదంటే ఎవరూ చేరరేమోనని టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గజ్జెకట్టు (కూకట్‌పల్లి):
పెట్టాల్సిందే అమ్మా. నాట్యం నలుగురూ చూడటానికే కదా పుట్టింది. 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. పదిమందితో కలిసి ఆడటంలో ఉన్న ఉత్సాహం క్లాసులో రాదు. మా అపార్ట్‌మెంట్లలో వర్క్‌షాప్‌లు పెడుతుంటాను కాబట్టి చెప్తున్నా, పోస్టర్ మీద ప్రదర్శన అని ఉంటేనే ఫోన్లు మోగుతాయి. అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చి ముందు వరుసలో కూర్చుంటే ఆ పిల్ల ఏడాదంతా క్లాసు మానదు.

తాళం తప్పదు (చిక్కడపల్లి):
గజ్జెకట్టు గారూ, గచ్చిబౌలిలో ఆడినవాళ్లు ఆ ఐటెమ్, హిందోళ రాగంలోని తిల్లానా, ముందే నేర్చుకుని వచ్చారు. అక్కడికి వచ్చాక నేర్చుకోలేదు. ఇక్కడి సంగతి వేరు.

లెక్క చూడండి. రోజుకు 7 గంటలు. అందులో జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, భోజనం, టీ విరామాలు తీసేస్తే రెండు రోజులకు కలిపి చేతికి మిగిలేది 10 గంటలు. పది నిమిషాల శబ్దం నేర్పాలంటే ఆదివారం మధ్యాహ్నానికల్లా పాఠం ఆగిపోతుంది. ఇక అక్కణ్నుంచి ఎవరు ముందు వరుస, ఎవరు వెనక, ఎవరి పాప మధ్యలో లేదు, ఇదే గొడవ. అంత దూరం నుంచి పిలిపించుకున్న గురువుతో వరుసలు సర్దించుకుంటామా?

ఇలాంటి ప్రదర్శనలు చూసినప్పుడు నా కళ్లు మూడో వరుస మీదకే పోతాయి. అక్కడి పిల్ల చూపు చేతి వెంట పోదు, ముందున్న పిల్ల కాళ్ల మీదే ఉంటుంది. రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, మొదలవగానే అరమండి (మోకాళ్లు వంచి నిలిచే భంగిమ) లేచిపోతుంది. ముక్తాయింపు (ముగింపు అడుగుల వరుస) దగ్గర మడమ సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడదు, తాళంలో అర అక్షరం ఆలస్యంగా పడుతుంది. ఆ సంగతి పిల్లకూ తెలుస్తుంది. మనం మాత్రం చప్పట్లు కొడతాం. నాకు బాధ కలిగేది అక్కడే.

మరి రెండు రోజుల్లో ఏం నేర్పొచ్చు? నాట్య గ్రంథం అభినయ దర్పణంలో అసంయుత హస్తాలు, అంటే ఒంటి చేత్తో పట్టే ముద్రలు, 28. చాలామంది పిల్లలకు శ్లోకం నోటికొస్తుంది గానీ వినియోగం, అంటే ఏ ముద్ర దేనికి వాడాలో, అడిగితే నీళ్లు నములుతారు. ఒక్క పతాక హస్తమే తీసుకుని మేఘానికి ఎలా పడతారు, నదికి ఎలా, తలుపు తీయడానికి ఎలా, అప్పుడు చూపు ఎక్కడుంటుంది, ఇది చెప్పడానికే ఒక పూట పడుతుంది. కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ నడక ఒక్కటే తీసుకున్నా ఒక రోజు చాలదు. గర్వం మెడలో ఉండాలా, నడుములోనా, అడుగులోనా? ఇలాంటివి నేర్పే తీరిక వారానికి రెండు క్లాసుల్లో మాకు దొరకదు. వర్క్‌షాప్ ఉన్నది అందుకే.

ఇంకో మాట. పిల్లల గురువులకు మీరే ముందుగా ఫోన్ చేసి చెప్పండి. వాళ్లకు తెలియకుండా వేరే బాణీలో ఐటెమ్ నేర్పి పంపితే, సోమవారం క్లాసులో నలిగేది ఆ పిల్లే.

ఇద్దరు పిల్లల తల్లి (సైనిక్‌పురి):
ఫీజు కట్టేవాళ్ల తరఫున చెప్తున్నాను. ప్రదర్శన అంటే డ్రెస్సు అద్దె, నగలు, మేకప్, పూలు. ఒక్కోసారి వీటికే ఫీజుకన్నా ఎక్కువవుతుంది. వాట్సాప్ గ్రూపులో ఆ ఖర్చుల మెసేజ్ చూసి చేరకుండా ఆగిపోయిన తల్లులు నాకు తెలుసు. కానీ రెండు రోజులు గేటు బయట వదిలేసి వెళ్లమంటే మనసొప్పదు. ఏం నేర్పారో మాకూ చూడాలని ఉంటుంది. చివరి అరగంట లోపలికి రానివ్వండి, చాలు.

గజ్జెకట్టు:
తాళం గారూ, మీరు గురువు స్థానంలో ఉండి మాట్లాడుతున్నారు. హాలు అద్దె, గురువుగారి రైలు టికెట్, బస, సంభావన, పిల్లల భోజనాలు, ఇవన్నీ ఆ అమ్మాయి నెత్తిన ఉన్నాయి. స్వీట్ షాపు యజమాని పదివేలు ఇస్తానంటే స్టేజీ మీద తన బ్యానర్ కనబడాలనే ఇస్తాడు. పతాక హస్తం చూసి ఇవ్వడు.

హాలు పని చూసేవాణ్ని (నాచారం):
అందరూ ఆదివారం సాయంత్రం గురించే మాట్లాడుతున్నారు. నేను శనివారం పొద్దుటి సంగతి చెప్తాను. కమ్యూనిటీ హాళ్లలో మామూలుగా ఉండేది కాంక్రీటు మీద గ్రానైటో టైల్సో. దాని మీద రోజుకు ఐదు గంటలు ఉత్త కాళ్లతో తట్టితే మడమలు, పిక్కల ముందరి ఎముక, మోకాళ్లు నొప్పి పెడతాయి. రెండో రోజు పిల్లలు రాలేదంటే ఒక్కోసారి కారణం అదే. చెక్క ఫ్లోరింగ్ ఉన్న హాలు దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా తీసుకోండి. దొరక్కపోతే తట్టే పాఠాన్ని ముప్పావుగంట ముక్కలు చేసి, మధ్యలో కూర్చోబెట్టి తాళం, హస్తాలు చెప్పించండి. పల్చటి తివాచీ మాత్రం పరవొద్దు, ముడత పడి కాలు తిరుగుతుంది.

ఒక్కొక్కరికీ ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు కావాలి. 30 మందికి 1,080 చదరపు అడుగులు. ప్రదర్శన అన్నారంటే సగం హాలు కుర్చీలకే పోతుంది, అది కూడా లెక్కేసుకోండి. దసరా సెలవులంటే సాయంత్రాలు బతుకమ్మ ఆటకు హాలు అడుగుతారు. నాలుగున్నరకు ఖాళీ చేయాల్సి వస్తుందేమో ఇప్పుడే కనుక్కోండి.

మువ్వలసవ్వడి:
అందరికీ ధన్యవాదాలు. హాలు వాళ్లను అడిగాను, ఆదివారం ఐదింటికి బతుకమ్మ ఉంది. స్టేజీ కట్టి విప్పే టైమ్ ఎలాగూ లేదు. కమిటీకి ఇలా చెప్పబోతున్నాను: 24 మందే, ప్రాక్టీస్ చీరలే, మేకప్ లేదు. ఆదివారం 3 నుంచి 4 దాకా తల్లిదండ్రులు వచ్చి గోడ వారగా కూర్చుంటారు. గురువుగారు పాఠం చెప్తూనే ఉంటారు, తప్పులు వాళ్ల ముందే దిద్దుతారు. స్వీట్ షాపు బ్యానర్ భోజనాల దగ్గర కడతాం. పిల్లల గురువులకు రేపటి నుంచి ఫోన్లు చేస్తాను.

గజ్జెకట్టు:
నా అభిప్రాయం మారలేదు. పిల్లకు స్టేజీ కావాలి. అయినా ఇది మీ వర్క్‌షాప్, మీ నిర్ణయం. పోస్టర్‌లో ఆ గంట సంగతి పెద్ద అక్షరాలతో వేయండి, లేకపోతే గేటు దగ్గర అడిగినవాళ్లందరికీ మీరే జవాబు చెప్పుకోవాలి. మా అపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరు పిల్లల్ని పంపిస్తాను.

తాళం తప్పదు:
వాళ్లు గోడ వారగా కూర్చున్నాక ఫోన్లతో వీడియోలు తీయొద్దని ముందే చెప్పండి. కెమెరా చూడగానే పిల్లలు పాఠం వదిలేస్తారు.