జార్ ఫైల్ టామ్‌క్యాట్ లిబ్‌లో ఉండాలా, అప్లికేషన్‌లోనే ఉండాలా?

తిరుపతి_బ్యాకెండ్: మా ఆఫీసు బైరాగిపట్టెడలో. లాడ్జి గదుల బుకింగ్‌కు ఒకటి, బిల్లులకు ఒకటి, రెండు అప్లికేషన్లు ఒకే టామ్‌క్యాట్‌పై (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్) నడుస్తాయి. రూమ్ క్లాస్ ఉన్న జార్‌ను (జావా క్లాసుల మూట) టామ్‌క్యాట్ లిబ్‌లో, అంటే అన్ని అప్లికేషన్లూ పంచుకునే ఫోల్డర్‌లో పెట్టాం. గదుల లిస్టును జేఎన్‌డీఐ ద్వారా (సర్వర్ దగ్గరున్న ఆబ్జెక్ట్‌ను పేరుతో అడిగే పద్ధతి) రెండూ తీసుకుంటాయి. ఎవరో అదే జార్‌ను బుకింగ్ అప్లికేషన్ వెబ్‌-ఇన్ఫ్‌లో (ఆ అప్లికేషన్ సొంత ఫోల్డర్) కూడా పెట్టేశారు. శనివారం రాత్రి, కొండకు వచ్చినవాళ్లు గదులు వెతుక్కునే వేళ, క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్! రూమ్‌ను రూమ్‌గా మార్చలేమట. ఫోన్ల మీద ఫోన్లు, ఒకటే టెన్షన్. టామ్‌క్యాట్ ముందు పేరెంట్ లోడర్‌ను (క్లాసులను లోడ్ చేసే పైస్థాయి భాగం, లిబ్‌ను చూసేది) అడిగి ఉంటే ఇది వచ్చేదే కాదు. తప్పు దానిదే అంటాను.

చిత్తూరు_జావా: కాదు తమ్ముడూ. జేవీఎమ్‌కు (జావా ప్రోగ్రాములను నడిపేది) క్లాస్ అంటే పేరొక్కటే కాదు, పేరూ, దాన్ని డిఫైన్ చేసిన లోడరూ కలిపి. మన వైపు వీధికో మునిరత్నం ఉంటాడు, ఎవరింటి మునిరత్నమో చెబితేగానీ మనిషి తేలడు. మామూలు జావాలో అప్లికేషన్ లోడర్ ప్లాట్‌ఫామ్ లోడర్‌ను, అది అన్నిటికన్నా పైనున్న బూట్‌స్ట్రాప్ లోడర్‌ను అడుగుతుంది. పైన దొరక్కపోతేనే కింద వెతుకుతారు. జావా మూల క్లాసుల వరకు టామ్‌క్యాట్ కూడా అంతే. మిగతావాటికి మాత్రం ముందు వెబ్‌-ఇన్ఫ్ చూస్తుంది. ఒక అప్లికేషన్‌కు పాత వెర్షన్, ఇంకోదానికి కొత్తది కావాలంటే వేరే దారేది? జార్లన్నీ ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి.

రేణిగుంట_లెక్చరర్: ‘అన్నీ’ అనకండి సార్. ఈయన కేసులో ఆబ్జెక్ట్ సర్వర్ వైపు తయారై అప్లికేషన్‌లోకి వస్తోంది. అలాంటి క్లాస్ పైన, లిబ్‌లో, ఒక్కచోటే ఉండాలి. రెండో కాపీ ఉందంటే ఎప్పుడో ఒకప్పుడు ఇదే గొడవ. పైగా ఒక్కో కాపీ మెటాస్పేస్‌లో (క్లాసుల వివరాలు ఉండే మెమరీ) విడిగా చోటు తీసుకుంటుంది.

తిరుపతి_బ్యాకెండ్: ఏ క్లాస్ ఎక్కడి నుంచి లోడైందో చూపే వెర్బోస్ క్లాస్ ఆప్షన్ పెట్టి చూశాను సార్. రూమ్ రెండుసార్లు, రెండు దారుల నుంచి లోడైంది. మావెన్‌లో (బిల్డ్ టూల్) ఆ జార్ స్కోప్‌ను ప్రొవైడెడ్‌గా, అంటే సర్వరే ఇస్తుంది, అప్లికేషన్‌లో పెట్టొద్దు అని మార్చాక ఎర్రర్ పోయింది. అయినా లోడర్ సెట్టింగ్‌లో డెలిగేట్‌ను ట్రూ చేస్తే పేరెంటే ముందు వస్తుంది కదా, అదే మేలు కాదా?

చిత్తూరు_జావా: వద్దు. అప్పుడు లిబ్‌లో పాత జార్ మిగిలిపోతే, నువ్వు అప్లికేషన్‌తో పంపిన కొత్తదాన్ని అది చడీచప్పుడు లేకుండా తొక్కేస్తుంది. ఈ ఎక్సెప్షన్ కూడా రాదు, బిల్లులో అంకె మాత్రం మారుతుంది. రూమ్ విషయంలో మాత్రం లెక్చరర్ గారి మాటే సరి. దాన్ని పైనే ఉంచు.