పాప రింగుల జుట్టు గురించి తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్

మేం అట్లాంటాలో ఉంటాం. మావారు నల్లజాతి అమెరికన్. మా ఆరేళ్ల పాపకి అచ్చం వాళ్ల నాన్న జుట్టే, పెన్నులో స్ప్రింగంత సన్నటి రింగులు. తడిపితే భుజాల దాకా వస్తుంది, ఆరితే చెవుల పైకి ముడుచుకుపోతుంది. అది చూసి "ఈ జుట్టు పెరగదు" అంటారు. పెరుగుతోంది, కానీ చివర్లు తెగిపోతున్నాయి.

నేనూ పొరపాటు చేశాను. కొబ్బరి నూనె దట్టంగా పట్టించి, పొడి జుట్టునే సన్నపళ్ల దువ్వెనతో పైనుంచి దువ్వేదాన్ని. పాప ఏడ్చేది. తడి జుట్టుకి కండిషనర్ రాసి, చివర్ల నుంచి వేళ్లతో చిక్కు తీయాలని మా అత్తగారు చూపించారు. నూనె తేమ ఇవ్వదు, ఉన్న తేమను పట్టి ఉంచుతుందంతే.

మా అమ్మేమో రోజు విడిచి రోజు తలంటమంటుంది. వారానికోసారి చాలదా?

ఇంకో విషయం. బిగుతుగా అల్లితే బాగా పెరుగుతుందని ఎవరో చెబితే సన్నజడలు వేయించాను. మొన్న విప్పితే నుదుటి అంచున చిన్న పొక్కులు, అక్కడ జుట్టు పలచబడింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఇలా మీ పిల్లలకి ఎవరికైనా అయిందా? మళ్లీ వచ్చిందా? చర్మం డాక్టర్‌కి వెంటనే చూపించాలా? జడలు వదులుగా వేస్తే ఎన్ని వారాలు ఉంచొచ్చు?