హెడ్‌ఫోన్లలో బాగున్న యాంప్ మోడల్ స్టేజీ మీద ఎందుకు మూగబోతోంది?

ప్రశ్న (తిరుపతి విద్యార్థి):
అందరికీ నమస్కారం. నేను బైరాగిపట్టెడలో అద్దె గదిలో ఉంటున్నాను. పక్క వాటాలో కుటుంబం ఉన్నందున వాల్వు యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే గిటార్ యాంప్లిఫయర్) మోగించే వీలు లేక, దాని శబ్దాన్ని లెక్కలతో అనుకరించే మోడలింగ్ ప్రాసెసర్‌తో హెడ్‌ఫోన్లలోనే సాధన చేస్తున్నాను. అయితే హెడ్‌ఫోన్లలో నిండుగా పలికే ప్రీసెట్‌నే (దాచుకున్న సెట్టింగ్‌నే) కాలేజీ కార్యక్రమంలో గిటార్ యాంప్ ఇన్‌పుట్‌కు కలిపితే, దుప్పటి కప్పినట్టు వినిపించింది. అసలు ఈ పెట్టె లోపల ఏం లెక్క జరుగుతుందో, ఈ తేడా ఎక్కడ పుడుతుందో దయచేసి వివరించగలరు.

జవాబు 1 (చిత్తూరు సౌండ్):
తమ్ముడూ, మీ శబ్దం రెండు స్పీకర్ల గుండా వెళ్తోంది. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. ప్రాసెసర్ ఆ పని లెక్కలో ఒకసారి చేసి పంపితే, స్టేజీ మీది అసలు స్పీకర్ మళ్లీ అదే చేస్తుంది. ప్రాసెసర్‌లో క్యాబ్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టెను, అంటే క్యాబ్‌ను అనుకరించే భాగం) ఆపేసి, యాంప్ వెనుక ఎఫెక్ట్స్ రిటర్న్ (నేరుగా పవర్ యాంప్‌కు వెళ్లే ఇన్‌పుట్) ఉంటే అందులో కలపండి. అప్పుడు యాంప్‌లో శబ్దపు రంగును మార్చే మొదటి దశ, అంటే ప్రీయాంప్ కూడా అడ్డు రాదు. మిక్సర్‌కు నేరుగా పంపేటప్పుడు మాత్రం క్యాబ్ తప్పక ఉండాలి.

జవాబు 2 (తిరుపతి ఎలక్ట్రానిక్స్):
పై జవాబు సరైనదే. లోపలి లెక్క గురించి నేను చెబుతాను.

స్పీకర్, మైకు కలిసి దాదాపు లీనియర్‌గా, అంటే శబ్దం చిన్నదైనా పెద్దదైనా ఒకే తీరుగా పనిచేస్తాయి కాబట్టి వాటి స్వభావాన్ని ఒక్క ఇంపల్స్ రెస్పాన్స్‌లో (ఒక క్షణిక చప్పుడుకు అవి స్పందించే తీరు రికార్డింగ్‌లో) పట్టేయవచ్చు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీసుకుంటే, 2048 శాంపిళ్లంటే సుమారు 43 మిల్లీసెకన్ల రికార్డింగ్ మాత్రమే. వాల్వు అలా లొంగదు. తీగను మెల్లగా మీటితే ఒక రకంగా, గట్టిగా మీటితే మరో రకంగా అది శబ్దాన్ని వంచుతుంది. అందుకే కొందరు సర్క్యూట్ సమీకరణాలను ప్రతి శాంపిల్‌కూ సాధిస్తారు. మరికొందరు అసలు యాంప్ గుండా తెలిసిన సిగ్నల్ పంపి, వచ్చిన ఫలితానికి సరిపోయేలా న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇస్తారు. ఓపెన్ సోర్స్ అయిన న్యూరల్ యాంప్ మోడలర్ ఈ రెండో దారిలోనిదే. అయితే మామూలుగా ఇలా తయారైన ఒక నమూనాలో (క్యాప్చర్‌లో) పట్టుబడేది నాబ్‌లు ఆ క్షణాన ఉన్న స్థితి మాత్రమే.

ఇక్కడ అందరూ పట్టించుకోని చిక్కు ఒకటుంది. డిస్టార్షన్ (శబ్దాన్ని అలా వంచడం) కొత్త హార్మోనిక్స్‌ను, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్లు ఇలా ఉండే శబ్దాలను పుట్టిస్తుంది. 5 కిలోహెర్ట్జ్ భాగానికి ఏడవ హార్మోనిక్ 35 కిలోహెర్ట్జ్. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో దాని సగమైన 24కు మించినది ఇమడదు కనుక అది వెనక్కి మడతపడి 13 కిలోహెర్ట్జ్ దగ్గర తేలుతుంది. వాయించిన స్వరంతో దానికి పొంతన ఉండదు, అపశ్రుతిగా గీరుకుంటుంది. డిస్టార్షన్ భాగాన్ని ఎనిమిది రెట్ల వేగంతో, అంటే 384 కిలోహెర్ట్జ్ దగ్గర లెక్కించి, ఫిల్టర్ చేశాక తిరిగి తగ్గిస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. మోడల్ మంచిదా కాదా అని నేను తేల్చుకునేది పై తీగల మీద గెయిన్ పెంచి, ఈ గీరుకునే చప్పుడు విని మాత్రమే.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఒకే సమయంలో మిక్సర్‌కు క్యాబ్‌తో, యాంప్‌కు క్యాబ్ లేకుండా పంపవచ్చా?

జవాబు 1 (చిత్తూరు సౌండ్):
పంపవచ్చు, కానీ రెండు అవుట్‌పుట్లకూ వేర్వేరు దారులు పెట్టుకునే సౌకర్యం మీ ప్రాసెసర్‌లో ఉండాలి. క్యాబ్ బ్లాక్‌కు ముందే సిగ్నల్‌ను రెండుగా చీల్చి, ఎడమ అవుట్‌పుట్ యాంప్‌కు, కుడిది మిక్సర్‌కు ఇవ్వండి.