గిటార్ బ్రాండ్ మీద ఇంత మమకారం వయసు వల్లనా, విన్న పాటల వల్లనా?

తుంగభద్ర తీగలు (కర్నూలు):

మా ఇంట్లో ఈ మధ్య ఒకటే చర్చ. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కుంటానన్నాడు, డబ్బు నేనిస్తానన్నా. కానీ ఐబనెజ్ తప్ప వేరే పేరు ఎత్తితే వినడు. నాకు నలభై దాటాయి, నా లెక్కలో ఎలక్ట్రిక్ అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టరే, అంత పెట్టలేకపోతే వాళ్లదే స్క్వయర్. ఇక మా చిన్నాయన అరవై దాటిన మనిషి, చర్చిలో జీవితమంతా వాయించాడు, కోల్‌కతా గివ్‌సన్ అకూస్టిక్ తప్ప ఇంకోటి ముట్టుకోడు. "దీని మెడ నా చేతికి తెలుసురా" అంటాడు.

ఒకే కుటుంబంలో ముగ్గురం మూడు పేర్లకు ఎందుకిలా అతుక్కుపోయాం అని ఆలోచిస్తే నాకొకటి తోచింది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా వీధికి కేబుల్ వచ్చింది. ఛానల్ వీ, ఎంటీవీ అర్ధరాత్రి దాకా చూసేవాణ్ణి. డైర్ స్ట్రెయిట్స్ బ్యాండ్ గిటారిస్టు మార్క్ నాఫ్లర్ పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) లేకుండా ఉత్త వేళ్లతో ఎర్ర స్ట్రాట్ వాయిస్తుంటే, తీగను కొంచెం పైకి లాగి వదిలినప్పుడు టక్కున తెగినట్టు ఒక శబ్దం వస్తుంది చూడండి, అది చెవిలో పడ్డాక నాకు ఇంకేదీ ఎక్కలేదు. మావాడికి సరిగ్గా అదే వయసులో యూట్యూబ్‌లో పాలిఫియా బ్యాండ్ గిటారిస్టు టిమ్ హెన్సన్ దొరికాడు, ఆయన వాయించేది ఐబనెజ్, ఇంకేముంది.

మరి మనం ఎంచుకున్నదంటూ ఏమైనా ఉందా, లేక పదిహేను పదహారేళ్లప్పుడు ఎవరు చెవిన పడితే వాళ్ల చేతిలో ఉన్నదే జన్మంతా మనదైపోతుందా? అదే నిజమైతే వాణ్ణి స్ట్రాట్ వైపు లాగే హక్కు నాకు లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆర్కెస్ట్రా మనిషి (అనంతపురం):

తమ్ముడూ, మా తరం సంగతి వేరే. మేం గిటార్ చూడకుండా, విని నేర్చుకున్నవాళ్లం. ఇళయరాజా గారి పాటల క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి, చరణానికి ముందొచ్చే గిటార్ బిట్ ఏ స్వరం మీద ఎత్తుకున్నారో, బేస్ గిటార్ ఎక్కడ దాన్ని వదిలేసి తన దారిన పోయిందో పట్టుకునేవాళ్లం. క్యాసెట్ అట్ట మీద సంగీత దర్శకుడి పేరు, పాడినవాళ్ల పేర్లు ఉండేవి, గిటారిస్టు పేరు ఉండేది కాదు, ఇక గిటార్ ఏ కంపెనీదో ఎవరికి తెలుసు! ఆ పాటల్లో చాలావాటికి వాయించింది ఆర్. చంద్రశేఖర్ గారని నాకు తెలిసేసరికి తల నెరిసింది. తెర మీద హీరో పట్టుకున్న గిటార్‌కీ మనకు వినిపించేదానికీ సంబంధమే ఉండేది కాదు.

అందుకని మావాళ్లకు పట్టంతా పాట మీదే. బెంగళూరు నుంచి ఎవరైనా ఏది తెస్తే అదే వాయించాం, వినాయక చవితి పందిట్లో అయినా పెళ్లిలో అయినా. మీ చిన్నాయనకు గివ్‌సన్ కూడా అలా చేతికొచ్చిందే అయ్యుంటుంది, ఇన్నేళ్లు దాని మీద దేవుడి పాటలు వాయించినాక వదలమంటే ఎట్లా వదులుతాడు. మీకూ మీ మేనల్లుడికీ ఉన్నది చూసి పుట్టిన ఇష్టం, ఆయనది వాడగా వాడగా వచ్చింది. రెండూ ఒకటని నేననుకోను.

కడప హంబకర్:

అన్నా, అనంతపురం అన్న చెప్పింది అక్షరాలా నిజం, దానికి ఇంకోటి కలుపుతా. నేను గిటార్లు సర్వీస్ చేస్తా, వచ్చే కస్టమర్ వయసు చూస్తే ఏ పేరు చెబుతాడో సగం సార్లు ముందే తెలిసిపోతుంది.

ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌నే తీసుకోండి. 1966లో జాన్ మేయాల్ బ్యాండ్‌తో రికార్డు చేసినప్పుడు ఆయన చేతిలో ఉన్నది గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ మోడల్. ఆ రికార్డు విని గిటార్ పట్టినవాళ్లు లెస్ పాల్ కోసం వెతికారు, కానీ గిబ్సన్ ఆ పాత మోడల్‌ను అప్పటికే ఆపేసింది, 1961లోనే ఆకారం మార్చేసి తర్వాత దానికి ఎస్‌జీ అని పేరు పెట్టింది. ఇలాంటి కుర్రాళ్ల గిరాకీ చూసే 1968లో మళ్లీ పాత ఆకారం మొదలుపెట్టింది. కంపెనీయే వినేవాళ్ల వెనక నడవాల్సి వచ్చింది! ఇక అదే క్లాప్టన్ తర్వాత స్ట్రాట్‌కి మారిపోయాడు, మూడు పాత స్ట్రాట్ల భాగాలు కలిపి 'బ్లాకీ' అని ఒకటి చేయించుకున్నాడు, అది 2004 వేలంలో 9,59,500 డాలర్లకు పోయింది. ఇప్పుడు ఎనభైల్లో ఆయన్ను విన్నవాణ్ణి అడగండి, క్లాప్టన్ అంటే ఫెండర్ అంటాడు. మనిషి ఒక్కడే, విన్నవాడు పుట్టిన సంవత్సరాన్ని బట్టి బ్రాండ్ మారింది.

గన్స్ అండ్ రోజెస్ బ్యాండ్ గిటారిస్టు స్లాష్ సంగతి ఇంకా విచిత్రం. 1987లో వాళ్ల మొదటి ఆల్బంలో ఆయన వాయించిన లెస్ పాల్ అసలు గిబ్సన్ తయారుచేసిందే కాదు, క్రిస్ డెరిగ్ అనే పనివాడు చేతితో చేసిన నకలు. ఆ శబ్దం విని ఎంతమంది గిబ్సన్‌కు జీవితం రాసిచ్చారో!

అయితే ఇదంతా భ్రమ అని మాత్రం నేననను. స్ట్రాట్‌లో తీగ పొడవు 25.5 అంగుళాలు, లెస్ పాల్‌లో 24.75. అదే మందం తీగ, అదే శ్రుతి పెడితే స్ట్రాట్ మీద బిగువు ఎక్కువ, బెండ్ చేసేటప్పుడు, అంటే స్వరం పెంచడానికి తీగను పక్కకు నెట్టేటప్పుడు, వేలికి తెలిసిపోతుంది. తీగ కదలికను కరెంటుగా మార్చే పికప్‌లోనూ తేడా ఉంది: స్ట్రాట్‌లో ఉండే సింగిల్ కాయిల్ (ఒకే తీగ చుట్ట) గలగలమంటుంది, లెస్ పాల్‌లో ఉండే హంబకర్ (రెండు చుట్టలది) నిండుగా ఉంటుంది. నాఫ్లర్ వేళ్ల టక్కు హంబకర్ మీద అంత పదునుగా రాదు. కాబట్టి మీ చెవికి నచ్చింది నిజమైన శబ్దమే, పేరు దాని వెంట వచ్చింది. ఇంకొకటి, మన పందిళ్లలో ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, సీరియల్ లైట్లు, జనరేటర్, పక్కనే డీజే బాక్సులు, అక్కడ సింగిల్ కాయిల్ గుయ్యిమంటుంది. మీవాడు స్టేజి ఎక్కేవాడైతే ఇదీ ఆలోచించండి.

ట్యాపింగ్ పిచ్చి (కర్నూలు):

నాకు ఇరవై ఒకటి, మీ మేనల్లుడి తరఫున మాట్లాడతా అంకుల్. మేం పేరు చూసి పడిపోయామని అందరూ అనుకుంటారు, కానీ మా సంగీతం చేతిని వేరేలా అడుగుతుంది. పాత స్ట్రాట్ ఫ్రెట్ బోర్డు, అంటే మెడ మీద వేళ్లు నొక్కే పలక, గుండ్రం, ఆ వంపు రేడియస్ 7.25 అంగుళాలు (అంకె పెరిగితే చదును), కార్డ్స్ పట్టడానికి హాయిగా ఉంటుంది. ఐబనెజ్ ఆర్‌జీ మోడల్‌ది దాదాపు 15.75, అంటే బాగా చదును, మెడ కూడా పలచన. తీగలు బాగా కిందికి దించి, రెండు చేతులతో ట్యాపింగ్ (తీగలను మీటకుండా మెడ మీద వేళ్లతో కొట్టి వాయించడం) చేస్తుంటే ఆ చదును లేకపోతే పెద్ద బెండ్ దగ్గర స్వరం గొంతు పట్టినట్టు ఆగిపోతుంది. నేను ఫ్రెండ్ స్ట్రాట్ పట్టుకుని కూర్చుని రోజంతా ప్రయత్నించా, నా పాటలు దాని మీద పలకలేదు. అదే దాని మీద ఆ ఫ్రెండ్ శుభ్రంగా రిథమ్ వాయిస్తే నేను నోరెళ్లబెట్టి విన్నా.

ఇంకో మాట. మాలో చాలామందికి యాంప్ కూడా లేదు, ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్, హెడ్‌ఫోన్. అందులో శబ్దం ఎటు కావాలంటే అటు మారుతుంది, మారనిది మెడ ఒక్కటే. అందుకే మేం మెడకు కట్టుబడతాం. దయచేసి వాడికి ఐబనెజ్ ఇప్పించండి, ఇష్టం లేని గిటార్ గోడకే వేలాడుతుంది.

తుంగభద్ర తీగలు:

తమ్ముడూ, మెడ సంగతి నేను అసలు ఆలోచించలేదు, చాలా థాంక్స్. వాడు రోజూ చూసే వీడియోలన్నీ ట్యాపింగే. సరే, ఐబనెజ్‌కే ఒప్పుకున్నా. కడప అన్నా, కొనేటప్పుడు ఏం చూడాలి?

కడప హంబకర్:

మొదటి గిటార్‌కి ఫ్లాయిడ్ రోజ్ లాంటి తేలే బ్రిడ్జ్ (తీగలు కట్టే భాగం స్ప్రింగుల మీద కదిలేది) వద్దన్నా, ఒక తీగ తెగితే మిగతా ఐదింటి శ్రుతీ పోతుంది, మార్చడానికి వాడికి పూట పడుతుంది. ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ ఉన్న ఆర్‌జీ అడగండి. షాపులో ప్రతి తీగనూ పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు పట్టీ) దగ్గర నొక్కి మీటి, అదే చోట నొక్కకుండా వేలు తాకించి హార్మోనిక్ మీటి, రెండూ ఒకే స్వరం పలుకుతున్నాయో లేదో ట్యూనర్‌లో చూడండి, తేడా ఉంటే అక్కడే సెట్ చేయించుకోండి. మెడ వంగిందేమో పక్కనుంచి కన్ను పెట్టి చూడండి. ఏప్రిల్, మే ఎండల్లో కారులో వదలొద్దు. కొన్నాక మీవాణ్ణి చిన్నాయన దగ్గర కూడా కొన్నాళ్లు కూర్చోబెట్టండి, కుడిచేతి రిథమ్ ఆయన నేర్పినంత బాగా యూట్యూబ్ నేర్పదు.