త్రిపంచాశః: యాభైమూడా, నూటయాభయ్యా?

మద్దిలపాలెం మాస్టారు: ఋగ్వేదంలో జూదరి గురించిన అక్షసూక్తంలో ‘త్రిపంచ... క్రీళతి వ్రాత ఏషాం’, అంటే ‘ఈ పాచికల గుంపు, ఇన్ని, ఆడుతోంది’ అని ఉంది కదా. అక్కడ చశః నా, చాశః నా? పాచికను నాలుగుసార్లు వేస్తే ఒక్కసారైనా ఆరు పడే సంభావ్యత పిల్లలకు చెబుతున్నాను. 5/6ను నాలుగుసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే 671/1296, సగానికి కాస్త పైన. దీని పక్కన మన పాత జూదం లెక్క పెట్టాలని ఉంది.

భీమిలి: దీర్ఘమే. పదో మండలం, 34వ సూక్తం, ఎనిమిదో ఋక్కు. వేదానికి భాష్యం రాసిన సాయణుడు యాభైమూడు అన్నాడు.

సీతమ్మధార: మూడు యాభైలుగా విడదీసి నూటయాభై అన్నవారూ ఉన్నారండీ. ‘వ్రాతం’, అంటే గుంపు, అనిపించుకోవడానికి అప్పటి పాచికలైన తానికాయలు యాభైమూడు చాలవు.

గాజువాక: హ్రస్వం అనుకోండి, ‘చొప్పున’ అనే అర్థమిచ్చే ‘శస్’ ప్రత్యయం వస్తుంది. ఐదేసి చొప్పున మూడు, పదిహేను. దోసిట్లో పట్టేది అంతే.

భీమిలి: మరి ఆ దీర్ఘాన్ని ఏం చేస్తారు? స్వరంతో వల్లించే పాఠంలో మాత్ర జారదు.

మద్దిలపాలెం మాస్టారు: ఆ జూదంలో కాయలను నాలుగేసి తీసి మిగిలినదాన్ని చూస్తారు. యాభైమూడులో ఒకటి మిగులుతుంది, అది ‘కలి’, ఓడే పందెం. నూటయాభైలో రెండు, ద్వాపరం. ఏమీ మిగలకపోతే కృతం, గెలిచే పందెం. అందుకే మొత్తం గుంపు కాదు, పిడికిట్లోకి వచ్చినవే పందెమని నా నమ్మకం. నాలుగు శేషాలకూ సమాన అవకాశం ఉందనుకుంటే, నాలుగు విడతల్లో ఒక్కసారైనా కృతం పడే సంభావ్యత 175/256, అంటే నూటికి 68. మూడు విడతలు వరసగా తప్పాయా, నాలుగోదానికి మళ్ళీ పావువంతే! జూదరి కొంప ముంచేది ఈ చివరి లెక్కే.

సీతమ్మధార: కలి అన్నారు కనుక చెబుతున్నాను, తానిచెట్టుకు కలిద్రుమమని అమరకోశం. శ్రీనాథుడు నలుడి కథ నైషధాన్ని జూదం దాకా రానివ్వలేదు. ఆ పద్యాల ధార ముందు ఈ శేషాలెందుకు?

భీమిలి: జూదం కావాలంటే భారతంలోని నలోపాఖ్యానమే గతి. తానిచెట్టు రెండు కొమ్మలకు 2095 కాయలున్నాయని ఋతుపర్ణ మహారాజు చూపుతోనే చెప్పాడు. ‘విద్ధ్యక్షహృదయజ్ఞం మాం సంఖ్యానే చ విశారదమ్’, పాచికల రహస్యం తెలిసినవాణ్ణి, సంఖ్యానంలో నేర్పరిని అన్నాడు. సంఖ్యానం అంటే లెక్కింపు.

మద్దిలపాలెం మాస్టారు: అంచనా అండీ! అన్నీ లెక్కించకుండా మొత్తం చెప్పాడు. నలుడేమో చెట్టు కొట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావు చదువుకున్న వాల్తేరు ఊరి వాళ్ళం, ఆ తేడా మనమే పట్టుకోకపోతే ఎలా?

గాజువాక: నా పదిహేను సంగతి తేల్చలేదు. వేదంలోని మాటలను విడదీసి చూపే పదపాఠంలో విరుపు ఎక్కడుంది?

భీమిలి: ‘త్రి’ తరవాత. అది యాభైమూడుకూ నూటయాభైకీ సరిపోతుంది.

గాజువాక: అయితే ‘శస్’ ముందు విరుపు లేదు కనుక నా పదిహేనుకు సరిపోదన్నమాట.