నక్షత్రం కొసలు తెగిపోతున్నాయి, ఏ స్కేల్ కొనాలి?

ప్రశ్న (డల్లాస్ నుంచి): క్విల్టింగ్ (గుడ్డ ముక్కలు కలిపి బొంత కుట్టడం) మొదలుపెట్టి నాలుగు నెలలైంది. 12 అంగుళాల సాటూత్ స్టార్ బ్లాకులు, అంటే ఎనిమిది కొసల నక్షత్రం ఉన్న చదరాలు, కుడుతున్నాను. ఎంత జాగ్రత్తగా కోసినా నక్షత్రం కొసలు కుట్టులోకి పోతున్నాయి. తొమ్మిది బ్లాకులు కుట్టాను, ఏ రెండూ ఒక్క కొలతలో లేవు. రోటరీ కట్టర్ (చక్రం బ్లేడు కత్తి), దాని కింద వేసే మ్యాట్, 6 × 24 అంగుళాల స్కేల్ ఉన్నాయి. షాపులో ఫ్లయింగ్ గీస్ స్కేల్, 60 డిగ్రీల స్కేల్ అంటూ గోడ నిండా వేలాడదీశారు. ఒక్కటే కొనాలంటే ఏది?

జవాబు (న్యూజెర్సీ): ముందు మీ కుట్టు సంగతి చూడండి. 1½ అంగుళాల పట్టీలు మూడు కోసి, పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. మొత్తం 3½ రావాలి, మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం ఉండాలి. తగ్గిందంటే మీ మార్జిన్ (గుడ్డ అంచు నుంచి కుట్టు దాకా వదిలేది) పావు అంగుళం దాటుతోందన్నమాట. దానికి ఏ స్కేలూ మందు కాదు. మడతలో కొంత గుడ్డ పోతుంది కాబట్టి పావు అంగుళం కంటే నూలుపోగంత తక్కువకే కుట్టాలి.

డల్లాస్: 3⅜ కూడా రాలేదు అక్కా! సూదిని ఒక్క గీత కుడికి జరిపాక సరిపోయింది. కానీ కొన్ని కొసలు ఇంకా పోతూనే ఉన్నాయి.

న్యూజెర్సీ: అయితే తప్పు కోతలో ఉంది. ఈ బ్లాకులో ఫ్లయింగ్ గీస్ ముక్క (మధ్యలో పెద్ద త్రిభుజం, రెండు పక్కలా చిన్నవి ఉన్న దీర్ఘచతురస్రం) బ్లాకులో కలిపి కుట్టాక 3 × 6 రావాలి కదా. ఒకేసారి నాలుగు కుట్టే పద్ధతిలో పెద్ద చదరం 7¼, చిన్నవి నాలుగు 3⅞ అని రాస్తారు. ఆ ⅞, ¼ దగ్గర కన్ను కాస్త అటూఇటూ అయినా కొస పోతుంది. నేనైతే పెద్దది 7½, చిన్నవి 4 కోసేస్తాను. కుట్టి, ఇస్త్రీ చేసి, అప్పుడు చుట్టూ మార్జిన్‌తో కలిపి 3½ × 6½కి చెక్కుతాను. కొస మీదివైపు పావు అంగుళం గుడ్డ మిగలాలి, అసలు కిటుకు అదే. ఫ్లయింగ్ గీస్ స్కేల్ మీద ఆ కొస ఎక్కడ ఉండాలో గుర్తు ఉంటుంది, ఐమూల గీతల్ని కుట్ల మీద ఆనించి కోయడమే. ఒక్కటే అంటే మాత్రం నా ఓటు 6½ అంగుళాల చదరం స్కేల్‌కి, 45 డిగ్రీల గీత ఉన్నది. పై అంచు నుంచి ¼, పక్క నుంచి 3¼ దగ్గర కొస పెడితే అదే పని జరుగుతుంది. రేపు హాఫ్ స్క్వేర్ త్రిభుజాలు (రెండు త్రిభుజాలు కలిపి కుట్టిన చదరాలు) చెక్కడానికీ అదే పనికొస్తుంది.

60 డిగ్రీలది ఈ నక్షత్రానికి వద్దు, ఆరు కొసల నక్షత్రాలకు అది. ఎప్పుడైనా కొంటే దాని మొన చూసుకోండి. మొన కోసుగా ఉన్నదైతే కావాల్సిన ఎత్తుకు ¾ కలిపి పట్టీ కోయాలి, మొన తెగ్గొట్టినదైతే ½ చాలు. నేను ఇది తెలియక మూడు గజాలు పాడుచేశాను.

ఇంకోటి, స్కేల్ గీత గుడ్డ అంచు మీద పడాలి, పక్కన కాదు. ఆ గీత మందమే వెంట్రుకవాసి తేడా తెస్తుంది. చిటికెన వేలు స్కేల్ బయట మ్యాట్ మీద ఆనిస్తే స్కేల్ జారదు.

జవాబు (విజయవాడ): ఇక్కడ ఆ స్కేళ్లు తెప్పించుకోవాలంటే చాలా ఖరీదు తల్లీ. పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద 3½ × 6½ గీసి, కొస దగ్గర సూదితో చిల్లు పెట్టి వాడుతున్నాను. దాని పక్కన మాత్రం కట్టర్ నడపొద్దు, ఫిల్మే తెగుతుంది. పెన్సిల్‌తో గీసి కత్తెరతో కోయాలి. నూలు గుడ్డని ముందు ఉతికి, పలచగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఐమూల అంచులు సాగవు. మా అమ్మ పాత చీరల బొంతకి గంజి పెట్టేది కాదు, కొసలు కలవాలని పట్టుబట్టేదీ కాదులే!

డల్లాస్: 6½ చదరం కొన్నాను. రెండు బ్లాకులు ఊడదీసి మళ్లీ చెక్కాను అక్కా. రెండింటిలోనూ ఎనిమిదేసి కొసలూ నిలిచాయి. మిగతా ఏడూ ఊడదీయాలి, శనివారం కూర్చుంటాను.